ప్రాథమిక పాఠశాలలో ఒక దినం: పాఠం, ఇంటిపని

ప్రాథమిక విద్య జాతి సౌధానికి పునాది అనే మాట మనం ప్రతి వార్షికోత్సవ సభలోనూ వింటూనే ఉన్నాం. వేదిక మీద ఆ మాట చెప్పే పెద్దలలో గాని, క్రింద కూర్చుని చప్పట్లు కొట్టే మనలో గాని, ఆ పునాది పడుతున్న గదిలో ఉదయం నుంచి సాయంత్రం వరకు ఒక్క దినమైనా కూర్చున్నవారు ఎందరు? ఈ ప్రశ్న మమ్మల్ని మేమే వేసుకుని, గత నవంబరు మాసంలో ఒక మంగళవారం నాడు, ముందుగా అనుమతి పొంది, డిగ్రీ ద్వితీయ సంవత్సరం విద్యార్థులు నలుగురిని వెంటబెట్టుకుని ఆదోని పట్టణంలోని ఒక ఉర్దూ మాధ్యమ ప్రాథమిక పాఠశాలకు వెళ్ళాం. మొదటి గంట నుంచి చివరి గంట వరకు అక్కడే ఉన్నాం. ఆ సాయంకాలం ఒక విద్యార్థిని ఇంటికి కూడా వెళ్ళి, ఆ పాప ఇంటిపని చేసే తీరును చూశాం. బడి పేరు, వ్యక్తుల పేర్లు ఇక్కడ చెప్పడం లేదు. అటువంటి బడులు మన ప్రాంతంలో అనేకం ఉన్నాయి గనుక చెప్పవలసిన అవసరం కూడా లేదు.

రెండు గదులు, ఒక వరండా, ఐదు తరగతులు, 58 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు. పిల్లలు ఇద్దరినీ ‘ఆపా’ అనే పిలుస్తారు, పెద్ద ఆపా, చిన్న ఆపా. ప్రార్థన ముగిసిన పిమ్మట హాజరు తీసుకున్నారు. తెలుగు బడి అయినా, ఉర్దూ బడి అయినా ఆ పట్టీని మనం హాజరు పట్టీ అనే అంటాం. హాజరు, జవాబు, కాగితం, కలం, కుర్చీ, ఈ మాటలు లేకుండా తెలుగు తరగతి ఒక్క గంట కూడా నడవదు. తెలుగు ఎం.ఏ. చదివిన మాకు ఇది కొత్త సంగతి కాకపోయినా, ఆ ఉదయం ఒక్కొక్క బిడ్డ నిలబడి ‘హాజర్’ అంటుంటే చెవికి ఇంపుగా తోచింది.

ఇక కాలం లెక్క. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదవ తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని నిర్ణయించింది. అనగా దినానికి నాలుగు గంటలు, 240 నిమిషాలు. అదే చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలునన్నది. కాబట్టి ఈ బడి చట్టప్రకారం సక్రమంగానే ఉన్నది. అయితే ఉపాధ్యాయినులు ఇద్దరు, తరగతులు ఐదు. ఒకటి, రెండు తరగతుల పిల్లలు 24 మంది చిన్న ఆపా వద్ద, మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు 34 మంది పెద్ద ఆపా వద్ద కూర్చుంటారు. పెద్ద ఆపా తన 240 నిమిషాలను మూడు తరగతులకు సమానంగా పంచితే ఒక్కొక్క తరగతికి 80 నిమిషాలు దక్కుతాయి. మిగిలిన 160 నిమిషాలు మూడవ తరగతి బిడ్డ ఏమి చేస్తున్నది?

వ్రాస్తున్నది. ఆ దినమంతా మేము అన్నిటికంటె ఎక్కువసార్లు విన్న మాట ‘లిఖో బేటా, లిఖో’. నాలుగవ తరగతికి భాగహారం చెప్పవలసి వచ్చినప్పుడు మూడవ తరగతి వారు నల్లబల్ల మీది వాక్యాలను ఎక్కించుకుంటారు. ఐదవ తరగతికి ఆంగ్ల పాఠం మొదలైతే నాలుగవ తరగతి వారు ఎక్కించుకుంటారు. ఇందులో ఆపా దోషమేమీ లేదు. మూడు తరగతులను ఒక్క గొంతుతో నడిపేవారికి నిశ్శబ్దం అవసరం. నిశ్శబ్దాన్ని ఇచ్చేది వ్రాత. మేము మూడవ తరగతి పిల్లల పక్కన కూర్చుని నోటుపుస్తకాలు తిరగవేశాం. ముత్యాల వంటి అక్షరాలు. అదే వాక్యాన్ని పుస్తకంలో మరొక పుటలో వేరొక వరుసలో చూపించి చదవమంటే సగం మందికి పైగా తడబడ్డారు. గ్రామీణ భారతంలో 2024లో జరిగిన అసర్ సర్వేలో, ప్రభుత్వ పాఠశాలల మూడవ తరగతి పిల్లల్లో రెండవ తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం మాత్రమేనని తేలింది. ఆ అంకెను పత్రికలో చూసినప్పుడు అది దూరాన ఉన్న సంగతిగా తోచింది. పక్కన కూర్చున్న బిడ్డ వేలు అక్షరం మీద ఆగిపోయినప్పుడు అలా తోచలేదు.

ఈ సందర్భంలో రెండు వందల ఏండ్లనాటి ఒక నివేదిక జ్ఞప్తికి వస్తున్నది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధాని అంతటా దేశీయ పాఠశాలలను గూర్చి వివరాలు కోరగా, బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో తన జవాబు పంపాడు. మన ఆదోని 1953 వరకు ఆ బళ్లారి జిల్లాలోనిదే కనుక అది మన నివేదిక కూడాను. జిల్లాలో 533 బడులు ఉన్నట్లు, వాటిలో 235 కన్నడం, 226 తెలుగు, 21 పారశీకం నేర్పేవి ఉన్నట్లు అందులో ఉన్నది. బడి దినం ఎట్లా సాగేదో కూడా వర్ణించాడు. అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవానికి సున్న. మూడవవాడు మొదలు బెత్తపు దెబ్బలు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పెంచుతూ. చిన్న తరగతులను పై తరగతి పిల్లలు చూసుకొనేవారు, పెద్ద తరగతులను పంతులు చూసుకొనేవాడు. నేటి మన బడిలో బెత్తం లేదు, చట్టమే నిషేధించింది. కాని ఒకటవ తరగతి బిడ్డల చేత ‘అలిఫ్, బే’ పలికిస్తున్నది ఐదవ తరగతి అమ్మాయే. కాంప్‌బెల్ మరొక మాట కూడా వ్రాశాడు. పిల్లలు వల్లించే గ్రంథాల భాష వారు ఇంట మాట్లాడే భాష కాదనీ, అర్థం తెలియకుండానే కంఠస్థం చేస్తున్నారనీ. ఆ మాట దగ్గర మేము కొంతసేపు ఆగవలసి వచ్చింది.

ఎందుకనగా ఈ పిల్లల సంచిలో ఉర్దూ, తెలుగు, ఆంగ్లం మూడూ ఉన్నాయి. ఒక పుస్తకం కుడి నుంచి తెరచుకుంటుంది, రెండు ఎడమ నుంచి. ఉర్దూ పంక్తి కుడి నుంచి ఎడమకు సాగుతుంది. ఆ పంక్తి నడుమ 125 అనే సంఖ్య వస్తే అది మాత్రం ఎడమ నుంచి కుడికి. ఎనిమిదేండ్ల బిడ్డ ఇంత చేస్తున్నదే అని మనం ఆశ్చర్యపడవలసింది పోయి, అక్షరం వంకర పోయిందని కోప్పడుతున్నాం.

రెండు లిపుల స్వభావం కూడా వేరు. తెలుగులో వ్రాసినదంతా పలుకుతాం, పలికినదంతా వ్రాస్తాం. గుణింతం, ఒత్తు పట్టుబడితే ఎన్నడూ చూడని మాటనైనా బిడ్డ చదవగలదు. ఉర్దూలో హ్రస్వాచ్చుల గుర్తులైన జబర్, జేర్, పేష్‌లను సాధారణంగా వ్రాయరు. మాట ముందే తెలిసి ఉంటేనే చదవడం సాగుతుంది. మరొక చిక్కు, ‘స’ ధ్వనికి సే, సీన్, సాద్ అని మూడు అక్షరాలు. మన ‘జ’కు దగ్గరి ధ్వనికి జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగు. ‘సడక్’ అనే మాటకు సీన్ వ్రాయాలి, ‘సాబున్’ అనే మాటకు సాద్ వ్రాయాలి. ‘జమీన్’కు జే, ‘జరూర్’కు జ్వాద్. చెవికి ఈ తేడా వినబడదు. కన్ను చూసి గుర్తు పెట్టుకోవలసిందే. అందుచేత ఉర్దూలో ఇమ్లా, అనగా చెప్పినది వ్రాయడం, కంటి జ్ఞాపకానికి పరీక్ష. తెలుగులో ఉక్తలేఖనం చెవికి పరీక్ష, ‘పలక’కూ ‘పాలక’కూ తేడా విన్నావా, ‘పూలు’ అన్నానా ‘పుల్లు’ అన్నానా అని. ఉర్దూ మాటను నాలుగుసార్లు చూసి వ్రాస్తే ప్రయోజనం ఉన్నది. తెలుగు మాటను పదిసార్లు చూసి వ్రాయడం కంటె నాలుగుసార్లు బిగ్గరగా చదవడం మేలు. కాని రెండు భాషలకూ ఒకే ఇంటిపని ఇస్తున్నాం: ‘పదిసార్లు వ్రాసుకుని రా’.

తెలుగు పాఠంలో ఒక బాలుడు ‘కళ్ళు’ అనే మాటను ‘కల్లు’ అని చదివాడు. ఉర్దూలో ‘ళ’ లేదు, ‘ణ’ లేదు. పై తరగతి వారు నవ్వారు. మా బాల్యంలో మేము కూడా ఇదే మాటను ఇదే విధంగా చదివి తరగతి అంతటి చేతా నవ్వించుకున్నాం. ఒక వారం దినాలు ఆ మాట పట్టుకుని మమ్మల్ని పిలిచారు కూడా. పెద్ద ఆపా నవ్వలేదు. నాలుకను వెనక్కి మడచి ‘ళ’ ఎట్లా వస్తుందో అద్దం చూపించి పలికించింది. ఆమె మూడు నిమిషాలు మాత్రమే వెచ్చించింది. మా వరకు ఆ దినమంతటిలో అదే ఉత్తమ పాఠం.

గణితంలో చూసినది ఇంకా విచిత్రం. ఆపా ‘ఉంతాలీస్’ వ్రాయమన్నది. ఒక పాప 49 వ్రాసింది. ‘ఉంతాలీస్’ అంటే 39. తెలుగులో ముప్పై తొమ్మిది అంటే ముప్పై, దానిపైన తొమ్మిది, మాటలోనే లెక్క ఉన్నది. ఉర్దూలో 29, 39, 49, 59 ఇవన్నీ రాబోయే పదికి ఒకటి తక్కువ అనే పద్ధతిలో ఏర్పడ్డాయి: ఉంతీస్, ఉంతాలీస్, ఉంచాస్, ఉన్సఠ్. ఆ పాప చెవికి ‘చాలీస్’ వంటిది వినబడింది, తొమ్మిది చేర్చింది. తర్కం చక్కనిదే, భాష ఒప్పుకోలేదు. పోనీ ఆ పద్ధతి చివరిదాకా నిలుస్తుందా అంటే 89కి ‘నవాసీ’, 99కి ‘నిన్నానవే’ అని తొమ్మిదినే పట్టుకున్నాయి. నూరు వరకు ఇంచుమించు ప్రతి సంఖ్య పేరును వేరుగా కంఠస్థం చేయవలసిందే. అదే పాపను మేము తెలుగులో ‘ముప్పై తొమ్మిది వ్రాయమ్మా’ అన్నాం. క్షణంలో వ్రాసింది. కూరగాయల అంగడికి రోజూ పోయే బిడ్డ ఆమె. ఇది చూసి పెద్ద ఆపా, ఇకమీదట సంఖ్యలు రెండు భాషలలోనూ చెబుతానన్నది.

మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు. ప్రాథమిక తరగతి బిడ్డకు 100 గ్రాముల ధాన్యం, 450 కేలరీల ఆహారం ఇవ్వాలన్నది జాతీయ ప్రమాణం. అన్నం గంట కొట్టగానే ఉదయం నుంచి మందకొడిగా ఉన్న ముఖాలు ఎట్లా వికసించాయో చూసినవారు ఈ పథకాన్ని గూర్చి తేలికగా మాట్లాడరు.

భోజనానంతరం ఇంటిపని దిద్దడం మొదలైంది. ఇక్కడ మళ్ళీ ఒక లెక్క చేయవలసి ఉన్నది. పెద్ద ఆపా వద్ద 34 మంది పిల్లలు, ఒక్కొక్కరికి రెండు నోటుపుస్తకాలు, మొత్తం 68. ఒక్కొక్కదానికి ఒక్క నిమిషం అనుకున్నా 68 నిమిషాలు. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ 240 నుంచే. మిగిలినవి 172. వాటిని మూడు తరగతులకు పంచితే ఒక్కొక్క తరగతికి 57 నిమిషాలు. అనగా ఇంట్లో చదువు పెంచడానికి ఇచ్చిన పని, బడిలో 80 నిమిషాల చదువును 57కు తగ్గించింది. ఇంతా చేసి ఆ ఒక్క నిమిషంలో ఆపా చేయగలిగింది ఎర్ర సిరాతో ఒక గీత. లోపల ఏమి వ్రాశారో చదివే తీరిక ఆమెకు లేదు. చివరి పది నిమిషాలలో మరునాటి ఇంటిపని బల్ల మీద వ్రాసింది. మూడవ తరగతికి ఉర్దూ పాఠం నుంచి రెండు వాక్యాలు పదేసిసార్లు, తెలుగు మాటలు పది ఐదేసిసార్లు, ఆరవ, ఏడవ ఎక్కాలు.

ఆ సాయంకాలం 49 వ్రాసిన పాప ఇంటికి, ఆమె తండ్రి రమ్మన్న మీదట, మార్కెట్ వెనుక వీధిలోకి వెళ్ళాం. తండ్రి పత్తి జిన్నింగు మిల్లులో పనివాడు. నవంబరు అంటే పత్తి దినాలు, రాత్రి పాళీకి సిద్ధమవుతున్నాడు. తల్లి చీరలకు ఫాల్ కుడుతున్నది. నానీ మంచం మీద కూర్చుని ఉన్నది. పాప నేల మీద సంచి పరచుకుని ఇంటిపని ప్రారంభించింది. మేము చూస్తూ ఉండగా ఆమె వాక్యంలోని మొదటి మాటను కుడి అంచున పై నుంచి క్రిందికి పదిసార్లు వ్రాసింది. తరువాత రెండవ మాటను దాని పక్కన పదిసార్లు. తరువాత మూడవది. గోడ కట్టినట్లు నిలువు వరుసలు. పుట నిండింది, వాక్యం మాత్రం ఒక్కసారైనా ఆమె నోట రాలేదు, మనసులోనూ రాలేదు. ‘ఇందులో ఏమున్నదమ్మా?’ అని అడిగితే ‘దస్ బార్ హై’ అన్నది, పదిసార్లున్నదట. తెలుగు మాటల దగ్గరకు వచ్చేసరికి కునికిపాట్లు. తొమ్మిదవ తరగతి చదివే అక్క మిగిలినవి పూర్తి చేసింది. మరునాడు ఆ పుటకు ఎర్ర గీత పడి ఉంటుంది.

అయితే ఆ ఇంట్లో చదువు లేదని మేము చెప్పబోవడం లేదు. సంగతి అందుకు విరుద్ధం. తండ్రి ఐదవ తరగతి వరకు తెలుగులో చదివినవాడు, దినపత్రికను కూడబలుక్కుని చదువుతాడు. నానీ ఖురాను పారాయణ చేస్తుంది. కాని మనుమరాలి ఉర్దూ పాఠం ఆమెకు తెరచుకోదు. ఖురాను ప్రతిలో ప్రతి అక్షరానికీ జేర్, జబర్ ఉంటాయి. పాఠ్యపుస్తకంలో ఉండవు. అక్కకు ఆంగ్లం వచ్చు. ఇట్లా ఆ ఒక్క గదిలో మూడు అక్షర విద్యలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. బడి ఇచ్చిన ఇంటిపని వీటిలో ఒక్కదానినీ అడగలేదు. ఆ బిడ్డకు ఒంటరిగా పది వరుసలు నింపే పని మాత్రమే ఇచ్చింది.

నింపలేనివారి మాట ఏమిటి? ఆపా స్వయంగా చెప్పింది. నాలుగవ తరగతిలో ఒక బాలుడు ఇంటిపని చేయలేదనే భయంతో రెండు దినాలు రాలేదు. ఆ రెండు దినాల పాఠం తప్పిపోయిందని సిగ్గుపడి మరి నాలుగు దినాలు రాలేదు. ఆ తరువాత బస్టాండు దగ్గర పంక్చరు దుకాణంలో కనిపించాడు. కొట్టినవారు లేరు, తిట్టినవారు లేరు.

విద్యావేత్తలు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1993లోనే ప్రాథమిక తరగతులకు ఇంటిపని ఇవ్వరాదనీ, ఇస్తే ఇంటి పరిసరాలను పరిశీలించే పనిగా మాత్రమే ఉండాలనీ చెప్పింది. 2020లో కేంద్రం వెలువరించిన బడిసంచి విధానం రెండవ తరగతి వరకు ఇంటిపని వద్దన్నది, మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలకు మించరాదన్నది. మేము చూసిన ఇంటిపని ఒక్క సాయంత్రమే గంటన్నర పట్టింది. ఈ విధానం సంగతి ఆపాకు తెలుసు. ‘నోటుపుస్తకం ఖాళీగా ఉంటే తల్లిదండ్రులే వచ్చి, బడిలో చదువు చెప్పడం లేదా అని అడుగుతారు సార్’ అన్నది. నిండిన పుట చదువుకు రుజువు అనే నమ్మకం మన ఇండ్లలో కూడా అంత గట్టిది. మరి ఆ 160 నిమిషాల మౌనానికి మార్గం లేదా అంటే, మన రాయలసీమలోనే ఉన్నది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ వారు ఏకోపాధ్యాయ పాఠశాలల కొరకు పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గురువు సాయంతో చేసేవి, తోటివారి సాయంతో చేసేవి, తానే చేసుకొనేవి అని ఏర్పరచారు. ఆ పద్ధతిని ఆధారం చేసుకునే కర్ణాటకలో 1995లో హెగ్గడదేవనకోటె తాలూకాలో ‘నలి కలి’ మొదలైంది.

జనవరిలో మేము మళ్ళీ ఆ బడికి వెళ్ళాం. పెద్ద ఆపా మూడవ తరగతికి వ్రాత పని వారానికి రెండు దినాలకు తగ్గించి, మిగిలిన దినాలలో ‘అడిగి రా’ అనే పని ఇస్తున్నది. ఇంట్లో వాడే కూరగాయల పేర్లు రెండు భాషలలో అడిగి రావాలి. పిల్లలు బైంగన్ – వంకాయ, భెండీ – బెండకాయ తెచ్చారు. కొత్తిమీరకు వచ్చేసరికి ‘మా ఇంట్లో కొత్మీర్ అనే అంటారు, ఇది ఏ భాష?’ అని తగవు పడ్డారు. ఆ పాప తండ్రిని అడిగి కపాస్ వేరు, రూయీ వేరు, గింజ తీయకముందు ఒకటి, తీశాక ఒకటి అని, ఒక బేలు బరువు 170 కిలోలు అని చెప్పింది. ఆపా వెంటనే నాలుగవ తరగతికి దానినే లెక్కగా ఇచ్చింది: మూడు బేళ్ళు ఎన్ని కిలోలు? మిల్లు సంగతి ఆ గదిలో అందరికంటె ఎక్కువ తెలిసినది మూడవ తరగతి బిడ్డ. 510 అనే జవాబు సరియైనదో కాదో తండ్రిని అడిగి చెబుతానన్నది.

కళాశాల కార్యవర్గం వారికి మా మనవి ఒకటి ఉన్నది. మన భవనంలో క్రింది అంతస్తు ఉత్తరపు గది సాయంత్రం ఐదు గంటల నుంచి ఖాళీగా ఉంటుంది. వారానికి మూడు దినాలు ఒక గంటసేపు ఆ గదిని ఇస్తే, మన విద్యార్థులు వంతులవారీగా ఈ పిల్లలను కూర్చోబెట్టుకుంటారు. ట్యూషను కాదు, ఇంటిపని వ్రాసిపెట్టడం అసలే కాదు. బిడ్డ బిగ్గరగా చదువుతుంటే వినడం, అంతే. కావలసినవి నాలుగు చాపలు, ఒక దీపం, వాచ్‌మన్‌కు ఒక మాట. ఆసక్తి కలిగిన విద్యార్థులు మా విభాగంలో పేరు ఇవ్వవచ్చు. తెలుగు వచ్చినవారు, ఉర్దూ వచ్చినవారు ఇరువురూ కావాలి.

వినతిపత్రం ఫిబ్రవరిలో సమర్పించాం. తాళంచెవి దొరికే వరకు, మాతో వచ్చిన ఆ నలుగురు విద్యార్థులు శనివారం సాయంత్రాలు ఆ బడి వరండాలోనే చాపలు వేస్తున్నారు. పంక్చరు దుకాణం బాలుడు రెండు శనివారాలు వచ్చి, మెట్ల మీద కూర్చుని, చేతులకు మసి ఉన్నదని పుస్తకం ముట్టుకోకుండానే వెళ్ళిపోయాడు. హాజరు పట్టీలో అతని పేరును ఆపా ఇంకా కొట్టివేయలేదు.